మూడు వందల పద్దెనిమిది

పెనుకొండ దాటి హిందూపురం రోడ్డులో కొంత దూరం వస్తే ఎడమ పక్కన గ్రానైటు రాళ్ళు కోసే షెడ్డు, దాన్ని ఆనుకుని మా ఆసుపత్రి. పేరు రాయను, ఇంకా అక్కడే జీతం తీసుకుంటున్నాను. నా పేరు నీలావతి. పుట్టిందీ ఉంటున్నదీ హిందూపురం. చర్మానికి క్యాన్సర్ వచ్చినవాళ్ళకు రేడియేషన్ పెట్టే ముందు అది ఎంత పడుతుందో కొలవడం నా పని. ఎంత ఇవ్వాలో డాక్టరు రాస్తాడు. రాసినంతే పడుతోందా లేదా అని చూసేది నేను. పదకొండేళ్ళుగా ఇదే పని.

మెషీన్‌లో ఒక సన్నని తీగ చివర బియ్యపు గింజంత రేడియేషన్ ముక్క ఉంటుంది. దాన్ని సోర్స్ అంటాం. రోగి ముక్కు మీదో చెంప మీదో ఉన్న పుండుకు అతికినట్టు మైనంతో అచ్చు చేసి, అందులో సన్నని గొట్టాలు అమరుస్తాం. అందరం బయటికొచ్చి మందపాటి తలుపు వేసి మీట నొక్కితే, సోర్స్ గొట్టాల్లోకి వచ్చి లెక్క ప్రకారం నిలబడి, మళ్ళీ మెషీన్‌లోకి వెళ్ళిపోతుంది. మనిషికి పెట్టే ముందు ఆ అచ్చును ఒక మైనపు తల మీద పెట్టి చూస్తాం. అచ్చుకూ తలకూ మధ్య ఫిల్మ్ ముక్క పెడతాం. లేత పసుపు ఫిల్మ్, రేడియేషన్ తగిలిన మేర నీలంగా మారుతుంది. రంగు కుదురుకోవడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి ఈ రోజు పెట్టినదాన్ని రేపు ఇదే సమయానికి స్కానర్‌లో చదువుతాం. ఆ తర్వాత రంగు మారేది ఏమీ ఉండదు. ఏ రేడియేషనూ తగలని ఫిల్మ్ ముక్క ఒకటి పోల్చుకోవడానికి ఆఫీసు గదిలో నా డ్రాయర్‌లో ఉంటుంది. దాన్ని కంట్రోల్ ఫిల్మ్ అంటాం.

ఇంతే మా పని. ఇందులో దెయ్యానికి చోటెక్కడుందని నేనూ అనుకునేదాన్ని.

రెండేళ్ళ క్రితం అమృత వచ్చింది. ధర్మవరం పిల్ల, పట్టుచీరలు నేసే ఇల్లు. వయసు ఇరవై ఆరు. ఆమె దగ్గర ఎప్పుడూ ఒక వాసన వచ్చేది, రంగులద్దే ముందు సబ్బు నీళ్ళలో ఉడికిన పట్టు వాసన. ఆమె వేళ్ళు చూడాలి. మగ్గం మీద పాత పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బూడిద రాసుకుని మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. ఆ పని చిన్నప్పటి నుంచీ చేసిన వేళ్ళు. అలాంటి వేళ్ళతో మైనం పట్టుకుంటే అచ్చు ఎలా వస్తుంది? నేను మూడు రోజులు కుస్తీ పట్టేది ఆమె ఒక పూటలో చేసేది.

“నీలావతి గారూ, ఇన్నేళ్ళలో ఇంత చక్కగా అతికిన అచ్చు నేను చూడలేదు,” అన్నారు డాక్టర్ చంద్రశేఖర్. ఆ ఇన్నేళ్ళలో అచ్చులన్నీ చేసింది నేనే. ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? రోగులు నన్ను దాటుకుని ఆమె కోసం పోయేవాళ్ళు. కనగానపల్లి నుంచి తిప్పమ్మ అనే ముసలామె వచ్చేది, ముక్కు పక్కన పుండుతో. ఉడకబెట్టిన చెనక్కాయలు సంచి నిండా తెచ్చి, “పాపా, నీకే తెచ్చినా తిను,” అనేది. పక్కనే ఉన్న నాకు ఒక్క కాయ కూడా పెట్టేది కాదు. అమృతే సగం తీసి నా బల్ల మీద పెట్టేది, “తిను అక్కా,” అని. ఆ సగం నేను చెత్తబుట్టలో పోశాను. నిజం రాస్తున్నాను. నాకు ఆమె మీద కుళ్ళు. నిద్రపట్టనంత కుళ్ళు. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు పోస్టు ఖాళీ అయితే, పదకొండేళ్ళ నన్ను కాదని ఆమె పేరు పంపుతున్నారని తెలిసిన రోజున నాకు అన్నం దిగలేదు.

మేమంతా ఛాతీ మీద చిన్న బ్యాడ్జి పెట్టుకుంటాం. మూడు నెలల్లో మన ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది పట్టి ఉంచుతుంది. మూడు నెలలకోసారి పంపిస్తే చదివి చెబుతారు.

మర్నాడు మధ్యాహ్నం అమృత భోజనానికి పోతూ తన బ్యాడ్జిని గోడకున్న కొక్కేనికి తగిలించి వెళ్ళింది. నెలకోసారి సోర్స్‌ను సరిచూసే పని నాది. గదిలో నేనొక్కదాన్నే. ఆ బ్యాడ్జిని రెండు వేళ్ళతో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. మైనపు పలక మీద, సోర్స్ వచ్చి ఆగే చోటికి కాస్త ఎడంగా పెట్టాను. బయటికొచ్చి తలుపు వేశాను. ఏడు నిమిషాలు. లోపలి కెమెరా చూపించే టీవీ తెర మీద ఆ చిన్న ప్లాస్టిక్ ముక్కను చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ తెచ్చి కొక్కేనికి తగిలించాను. ఆ పూట అన్నం బాగా తిన్నాను.

రిపోర్టు వచ్చింది. అమృత, మూడు వందల పద్దెనిమిది మిల్లీసీవర్టులు. మాలాంటివాళ్ళకు పదిహేనేళ్ళకు పైగా సరిపోయే మోతాదు.

నిజానికి ఆమె తప్పించుకోగలిగేదే. బ్యాడ్జిని మర్చిపోయి లోపల వదిలేశాను అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే చాలు, మందలించి వదిలేసేవాళ్ళు. అందరం అదే చెప్పాం. నేను కూడా చెప్పాను.

“నేను వదల్లేదు కదక్కా. చేయని తప్పు చేసినానని ఎట్ల రాసేది?” అంది.

రాయలేదు. సోర్స్ గదిలోకి రావద్దన్నారు. ధర్మవరం వెళ్ళిపోయింది. నెలన్నరకు డెంగీ జ్వరం పట్టింది, ఆరో రోజు పోయింది. జ్వరానికే పోయింది. కానీ ఇంట్లోవాళ్ళు అలా అనుకోలేదు. ఆ కాగితంలోని అంకె బిడ్డ రక్తాన్ని తినేసిందని అనుకున్నారు. ఒంటి మీద తెలివి తప్పిన రోజున కూడా, “నేను ఎప్పుడు లోపల ఉన్నా?” అని అడుగుతూనే ఉందని తర్వాత విన్నాను.

సేఫ్టీ ఆఫీసరు పోస్టు నాకిచ్చారు. అమృత ఫైలు మూసేసే పని కూడా నాకే వచ్చింది. కారణం అన్న గడిలో ‘సొంత అజాగ్రత్త’ అని నా చేత్తో రాసి, సంతకం మాత్రం పెట్టకుండా పక్కన పెట్టాను. ఎందుకో పెన్ను కదల్లేదు.

తిప్పమ్మకు మంగళవారం రేడియేషన్ పెట్టాలి. ఆమె కోసం అమృత చేసిన అచ్చు బీరువాలో ఉంది. దాన్ని వాడవచ్చు. కానీ మళ్ళీ అమృత అచ్చు, మళ్ళీ అమృత పేరు అని వినడం నాకు ఇష్టం లేదు. కూర్చుని నేనే కొత్త అచ్చు చేశాను. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు దాన్ని పరీక్షించడానికి వచ్చాను. రోగులు లేరు. టెక్నీషియన్ ఇమ్మానుయేలు ప్రార్థన ముగించుకుని వచ్చి మెషీన్ ఆన్ చేసి పెట్టాడు.

“మేడమ్, టీ తెస్తా. పది నిమిషాల్లో వస్తా,” అని వెళ్ళాడు.

బయట ఎండ మండిపోతోంది. లోపల మాత్రం ఎప్పుడూ ఒకటే పొద్దు. సోర్స్ గదికి కిటికీలు ఉండవు, గోడలు మూరెడు మందం పైనే. ఏసీ గొణుగుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. గదంతా కరిగి ఆరిన మైనం వాసన. మైనపు తలను బల్ల మీద పెట్టి, ముక్కు మీద ఒక్క ఫిల్మ్ ముక్క ఉంచి, దాని మీద నా అచ్చు బిగించాను. అమృత అయితే కంటి మూలన కూడా ఒక ముక్క పెట్టేది. పుండుకు సరిపోయిందా లేదా చూస్తే చాలదక్కా, పక్కనున్న కంటికి ఎంత పోతుందో కూడా చూడాల అనేది. అది అమృత పద్ధతి. అందుకే నేను పెట్టలేదు.

బయటికొచ్చాను. తలుపు వేశాను. నాలుగు నిమిషాలు పెట్టి మీట నొక్కాను. సోర్స్ బయట ఉందని చెప్పే ఎర్ర దీపం తలుపు మీద వెలిగింది. తెర మీద మైనపు తల, దాని ముఖం మీద నా అచ్చు.

ఒక నిమిషం గడిచింది. మైనం వాసన పోయింది. దాని బదులు ఇంకో వాసన వస్తోంది. ఉడికిన పట్టు...

ఏసీ గొట్టంలోంచి ఏదో వస్తోందనుకున్నాను. తెర వైపు చూశాను. మైనపు తల పక్కన ఎవరో నిలబడి ఉన్నారు.

వీపు ఇటు పెట్టి ఉంది. తెల్ల కోటు. ఒక జడ. తల వంచి ఏదో పని చేసుకుంటోంది. మోచేతులు మాత్రం కదులుతున్నాయి, చిన్నగా... పోగులు మెలిపెట్టే మనిషికి కదిలినట్టు.

లోపల మనిషి! సోర్స్ బయట ఉంది! నాకు ముందు తట్టింది అదే. దెయ్యమని కాదు, ఎవరో లోపల ఇరుక్కుపోయారని. ఎర్ర బటన్ మీద అరచేత్తో గుద్దాను. సోర్స్ మెషీన్‌లోకి వచ్చేసిందని తెర మీద అక్షరాలు వచ్చాయి.

దీపం ఆరలేదు.

ఆమె కదల్లేదు.

గదిలో రోగి మాట వినడానికి పెట్టిన స్పీకరు కరకరమంది. తర్వాత... మెల్లగా... చెవి దగ్గర చెప్పినట్టు...

“అక్కా... ఎంతసేపు పెట్టినావు?”

జవాబు చెప్పకూడదని తెలుసు. చెప్పకుండా ఉండలేనని కూడా తెలుసు.

“ఏడు నిమిషాలు,” అన్నాను.

దీపం ఆరిపోయింది.

తెర మీద మైనపు తల ఒక్కటే ఉంది. వెనక తలుపు తెరుచుకుంది. అరిచాను. ఇమ్మానుయేలు, చేతిలో టీ ఫ్లాస్కు.

“ఎవరితో మాట్లాడ్తాండారు మేడమ్?”

“ఎవరితోనూ లేదు.”

అతను ముక్కు ఎగబీల్చాడు. ఫ్లాస్కు కింద పెట్టి సిలువ గుర్తు వేసుకున్నాడు.

రేడియేషన్ మీటరు పట్టుకుని ఇద్దరం లోపలికి వెళ్ళాం. మీటరు పలకలేదు, గది శుభ్రంగా ఉంది. అచ్చు విప్పాను. ముక్కు మీద నేను పెట్టిన ఫిల్మ్ ఉంది. కంటి మూలన ఇంకో ఫిల్మ్ ముక్క ఉంది.

నేను పెట్టలేదు. ఒక మూల చిన్నగా కత్తిరించి ఉంది. ఏ వైపు పైకో తెలియడానికి అమృత అలా కత్తిరించేది. నేను గీత గీస్తాను.

సోమవారం మూడు గంటలకు రెండు ముక్కల్నీ స్కానర్‌లో చదివాను. ముక్కు దగ్గర లెక్క సరిపోయింది. కంటి మూల దగ్గర పడాల్సిన దానికి మూడింతలు పడుతోంది. నా గొట్టం ఒకటి ఆ వైపుకు జరిగి ఉంది. ఆ అచ్చే తిప్పమ్మకు పెట్టి ఉంటే పుండు మానేది, కన్ను పోయేది. అది తెలిశాక కూడా నాలో రగిలింది ఒకటే, చచ్చి కూడా ఈ పిల్ల నా తప్పు దిద్దుతోందా అని.

పోల్చుకోవడానికి డ్రాయర్‌లోంచి కంట్రోల్ ఫిల్మ్ తీశాను. ఏ రేడియేషనూ ఎరగని ముక్క. దాని కింది మూలన రెండు లేత నీలం మచ్చలు ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బొటనవేలు, చూపుడువేలు. ఎవరో రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు. పోగులు మెలిపెట్టే వేళ్ళు అనుకున్నాను. స్కానర్‌లో పెట్టాను. సున్నా రావాల్సిన చోట నలభై వచ్చింది.

మంగళవారం బీరువాలోని అమృత అచ్చునే తిప్పమ్మకు పెట్టాం. ఆమెతో వచ్చిన మనవరాలు బయట కూర్చుంది. పని అయ్యాక నేనే లోపలికెళ్ళి అచ్చు విప్పాను.

“నొప్పి ఏమైనా ఉండాదా అవ్వా?”

“ఏం లేదమ్మా. పాప పక్కనే ఉండె కదా. కన్ను గట్టిగా మూసుకో అవ్వా అని చెప్పె.”

“ఏ పాప?”

“మన పాపే. ఇంగేం మాట్లాడలేదు. నిన్ను అడిగె. అక్క ఇంగా సంతకం పెట్టలేదా అని.”

ఆ ఫైలు మీద సంతకం పెట్టలేదన్న సంగతి నాకు తప్ప మరెవరికీ తెలియదు.

గురువారం అమృత నాయన వచ్చాడు. నారాయణస్వామి. సన్నని మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఉతికి మడతపెట్టిన అమృత తెల్ల కోటు, ఆమె దగ్గర ఉండిపోయిన బీరువా రెండో తాళంచెవి. బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు.

“అమ్మా, నువ్వు పెద్దదానివి, పాప నిన్ను అక్కా అక్కా అని శానా చెప్తాండె. ఒక్క మాట అడుగుతా. ఆ లెక్క నిజమేనా?”

“ఏ లెక్క?”

“కాగితంలో రాసినారే. మూడు నూర్ల పద్దెనిమిది. మా ఇంట్లో అతుకు తప్పితే చీరంతా పాడైపోతాది. పదేండ్లప్పట్నుంచీ అతుకులేసింది, ఒక్క పోగు తప్పలేదు. ఆ బిడ్డ అజాగర్తగా ఉండాదంటే నాకు మనసొప్పదు. నువ్వు కాదని చెప్పు తల్లీ. ఒక్క మాట చెప్పు. ఇంటికి పోయి వాళ్ళమ్మకు చెప్పుకుంటా.”

ఆయన కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. చెప్పాలనుకున్నాను. దేవుడి సాక్షిగా నోటి దాకా వచ్చింది. ఇంతలో ఆయన, “మా పాప అట్లాంటి పనిమంతురాలు ఈ ఆసుపత్రిలో ఇంగొకరు లేరని డాక్టరు సారు నాతోనే అనె,” అన్నాడు.

అంతే. లోపల ఆ పాత మంట భగ్గుమంది.

“లెక్క నిజమే,” అన్నాను.

ఆయన తల ఊపాడు. కవరు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ధర్మవరం బస్సు కోసం ఎండలో నిలబడి ఉండడం కిటికీలోంచి కనబడింది. చాలాసేపు నిలబడ్డాడు. ఫైలు తీసి సంతకం పెట్టాను. ఈసారి పెన్ను కదిలింది.

సంతకం పెట్టి డ్రాయర్ తెరిచాను. కంట్రోల్ ఫిల్మ్ మీద నీలం ముదిరింది. స్కానర్‌లో పెడితే నూట ఆరు. మారకూడని రంగు. ఏ సోర్స్ దగ్గరికీ పోని ముక్క.

దీపం కింద పెట్టి భూతద్దంతో చూశాను. బొటనవేలి గుర్తు మధ్యలో అడ్డంగా తెల్లటి గీత ఒకటి ఉంది. చిన్నప్పుడు మల్బరీ కొమ్మలు కోస్తుంటే కొడవలి తగిలి నా కుడి బొటనవేలికి మచ్చ పడింది. అడ్డంగా. వేలిని ఫిల్మ్ పక్కన పెట్టి చూసుకున్నాను.

ఆ వేళ్ళు అమృతవి కావు. నావి. ఆ మధ్యాహ్నం బ్యాడ్జిని పట్టుకున్న వేళ్ళు.

చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత మహదేవా అని మా అవ్వ అనేది. అప్పటి నుంచి రోజూ మూడు గంటలకు ఆ ఫిల్మ్‌ను చదువుతున్నాను. నూట ముప్పై. నూట డెబ్బై రెండు. రెండు వందల ముప్పై. ఒకరోజు కాల్చేద్దామని మూడు సార్లు అగ్గిపుల్ల గీశాను. ఆ ముక్క మూడు సార్లూ అంటుకోలేదు. కొత్త ఫిల్మ్ డబ్బా తెప్పించాను. సీలు నేనే చించాను. ఇరవై అయిదు షీట్లు. ప్రతి షీటుకూ కింది మూలన అవే రెండు వేళ్ళు, అదే అడ్డ గీత. ఇమ్మానుయేలు చూశాడు. మర్నాడే రాజీనామా ఇచ్చాడు.

పది రోజుల కిందట నా కుడి చేతి రెండు వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి. మొదట దురద, తర్వాత మంట, ఇప్పుడు చర్మం పొరలుగా లేస్తోంది. డాక్టర్ చంద్రశేఖర్ చూసి ముఖం మార్చుకున్నారు.

“ఇది రేడియేషన్ కాలినట్టుంది. సోర్స్ దగ్గర చేయి పెట్టారా?”

“లేదు.”

“నిజం చెప్పండి. మర్చిపోయి ఎప్పుడైనా...”

“నేను పెట్టలేదు సార్.”

ఆయన నమ్మలేదు. ఆ చూపు నాకు తెలుసు. అమృత వైపు మేమంతా ఆ చూపే చూశాం.

నిన్న మూడు వందల పదిహేడు. ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు స్కానర్ మూడు వందల పద్దెనిమిది చూపించి ఆగింది. మళ్ళీ పెట్టాను, అదే. ఇంకోసారి పెట్టాను, అదే. రేపు మూడు నెలల గడువు. అందరి బ్యాడ్జీలూ చదవడానికి పంపాలి, నాది కూడా.

ఫిల్మ్‌ను డ్రాయర్‌లో పెట్టబోతూ మరోసారి దీపం కిందికి తెచ్చాను. నా వేళ్ళున్నది కింది మూల. దానికి ఎదురుగా, పై మూల చిన్నగా కత్తిరించి ఉంది. పొద్దున అలా లేదు. ఆ కత్తిరింపు పక్కన ఇంకో రెండు నీలం గుర్తులు, అప్పుడే పడుతున్నట్టు లేతగా. సన్నని వేళ్ళు. ముద్ర నిలువుగా లేదు, కొద్దిగా మెలి తిరిగి ఉంది. ఎవరో నా చేతిలోంచి దాన్ని అందుకుంటున్నట్టు.

గదంతా ఉడికిన పట్టు వాసన.